చాపబండ కూడు

అనగనగా ఒక అడవి ఉండేది. ఆ అడవికి వరసగా రెండేళ్ళు వాన మొహం చాటేసింది.

మొదటి ఏడు వాగు సన్నబడింది. రెండో ఏడు వాగులో ఇసక తప్ప ఏమీ మిగల్లేదు. నేరేడు పూత మాడిపోయింది. రేగుపొదలు కాయలేదు. తునికిచెట్ల కింద ఎంత వెతికినా ఎండుటాకులే దొరికేవి. ఇక పచ్చగడ్డి మాట చెప్పనే అక్కర్లేదు.

ఆ అడవిలో ఒక ఏదుపంది ఉండేది. ఒళ్ళంతా ముళ్ళు కదా, అందుకని అందరూ ఆమెని సూదమ్మ అని పిలిచేవారు. ముళ్ళు చూసి కొత్తవాళ్ళు జంకేవారు గానీ, సూదమ్మ ఎవరి జోలికీ పోయేది కాదు. మొగుడు కిందటేడు పులివాత పడ్డాడు. ఇద్దరు పిల్లలు. పొద్దు పొడిచింది మొదలు వాళ్ళ కడుపు నింపడమే ఆమె పని.

అడవికి తూర్పున ఒక ఇప్పతోపు ఉంది. ఆ నేల అడుగున ఎక్కడో తడి ఉంది కాబోలు, అంత కరువులోనూ అక్కడి ఇప్పచెట్లు విరగబూశాయి. తెల్లవారేసరికి తియ్యటి పూలు నేలంతా రాలి ఉండేవి. ఆ తోపులో బొంతయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. "ఈ తోపు మా తాతలనాటిది" అనేవాడు. ఆ చెట్లు వాళ్ళ తాతలు నాటినవేం కాదు. అయినా ఎలుగుబంటితో వాదానికి దిగేదెవరు?

అలాగని బొంతయ్య చెడ్డవాడనీ అనలేం, పిల్లలూ. తను తినగా మిగిలిన పూలు రోజూ పొద్దున్నే పంచేవాడు. కాకపోతే దానికో పద్ధతి పెట్టాడు. అందరూ తోపు ముందు వరసలో నిలబడాలి. దోసెడు పూలు అందుకోగానే "బొంతయ్యగారు చల్లగుండాలి" అని మూడుసార్లు గట్టిగా అనాలి. నెమ్మదిగా అంటే, "ఏం, గొంతు పోయిందా?" అని మళ్ళీ అనిపించేవాడు. నడిచి రాలేనివాళ్ళ సంగతి ఆయనకి పట్టేది కాదు.

సూదమ్మ రోజూ వెళ్ళేది. రోజూ మూడుసార్లు అనేది. పిల్లల కోసం అనక తప్పదు కదా.

ఒకరోజు వరసలో ఆమెకి ముందు చుక్కాలి నిలబడింది. చుక్కాలి ఒక దుప్పి. పాలు తాగే పిల్లలు ఇద్దరున్న తల్లి. డొక్కలు అంటుకుపోయి, ఎముకలు లెక్కపెట్టేలా ఉంది.

బొంతయ్య ఆమెని ఎగాదిగా చూశాడు. "నిన్న కనబడలేదేం?" అన్నాడు.

"చిన్నది లేవలేకపోయిందయ్యా. దాని దగ్గరే కూర్చుండిపోయాను."

"అంటే నిన్న నా పూలు అక్కర్లేకపోయాయన్నమాట. నిన్న అక్కర్లేనివాళ్ళకి ఇవాళా అక్కర్లేదు. పక్కకి జరుగు."

"అయ్యా, పాలు పడటం లేదు. ఇవాళ్టికి..."

"జరగమన్నానా!"

చుక్కాలి తల వంచుకుని జరిగింది. వెనకున్నవాళ్ళు ఎవరూ నోరు మెదపలేదు. సూదమ్మ కూడా మెదపలేదు. తన వంతు రాగానే పూలు అందుకుంది. అనాల్సిన మాట మూడుసార్లు అంది. చుక్కాలి వైపు చూడకుండా గబగబా ఇంటిదారి పట్టింది.

దోసెడు పూలు ఇద్దరు పిల్లలకి ఏమూలకి? మధ్యాహ్నమయ్యేసరికి మళ్ళీ ఆకలన్నారు. సూదమ్మ వాళ్ళని బొరియలో పడుకోబెట్టి కొండ పడమటి వాలుకి వెళ్ళింది. అటువైపు ఎవరూ పోరు. అంతా రాళ్ళు. ఆ రాళ్ళ మధ్య ఏవో తీగలు ఎండి, తాళ్ళలా పడి ఉన్నాయి.

సూదమ్మ ఒక తీగ మొదట్లో ముక్కు ఆనించింది. ఏదో పచ్చి వాసన! గోళ్ళతో తవ్వింది. నేల రాయిలా ఉంది. గోరు ఒకటి విరిగింది. అయినా ఆపలేదు. మూరెడు లోతు పోయాక మెత్తగా తగిలింది. లాగి చూస్తే మోచేతి లావు గడ్డ! పైన తీగ చచ్చిపోయింది గానీ, కింద గడ్డ బతికే ఉంది.

సూదమ్మ తలెత్తి చూసింది. వాలంతా ఎండుతీగలే.

ముందు సంతోషం వేసింది. ఆ వెంటనే భయం వేసింది. 'ఈ సంగతి పదిమందికి తెలిస్తే ఒక్కరోజులో ఊడ్చిపెట్టేస్తారు. నేను రోజుకి రెండు తవ్వుకుంటే నా పిల్లలు వానలదాకా బతుకుతారు. ఎవరికీ చెప్పను' అనుకుంది. గుంట పూడ్చి, పైన ఆకులు కప్పి, అటూ ఇటూ చూసి వచ్చేసింది.

ఆ రోజు పిల్లలు కడుపునిండా తిన్నారు. మర్నాడూ తిన్నారు. ఆ తర్వాత రెండు రోజులూ తిన్నారు. ఆ మూడు రోజులూ సూదమ్మ తోపు ముఖం చూడలేదు. బొంతయ్యని పొగిడే పని తప్పినందుకు ప్రాణం తేలికపడింది.

మూడో రోజు సాయంత్రం గడ్డతో తిరిగి వస్తుంటే, కలివిపొద వెనక నుంచి ఎవరో పిలిచారు. "సూదక్కా! నువ్వేనా?"

చుక్కాలి. సూదమ్మ గభాలున గడ్డని ఆకుల కిందకి నెట్టేసింది.

"మూడు రోజులుగా వరసలో లేవు. పిల్లలకి ఏమైందోనని భయపడ్డానక్కా. నువ్వు మళ్ళీ వస్తే బొంతయ్య పెడతాడో పెట్టడోనని, నాకు పెట్టినవాటిలో నీకోసం ఇవి దాచాను" అంది చుక్కాలి. ఆమె ముందు ఒక మోదుగాకు ఉంది. ఆకులో రెండు ఇప్పపూలు ఉన్నాయి. వాడి, నల్లబడిపోయిన రెండు పూలు.

చుక్కాలి పక్కన ఒక్క పిల్లే పడుకుని ఉంది.

"చిన్నదేది?" అంది సూదమ్మ.

"మొన్న పొద్దున పోయింది" అంది చుక్కాలి. పక్కనున్న పిల్ల వీపు నాకుతూ కూర్చుంది.

మొన్న పొద్దున! మొన్న పొద్దున సూదమ్మ బొరియలో సగం గడ్డ మిగిలే ఉంది. పిల్లలు ఇక చాలంటే పక్కన పెట్టింది.

సూదమ్మ ఆ రెండు పూలూ ముట్టుకోలేదు. ఆకుల కిందనుంచి గడ్డ తీసి చుక్కాలి ముందు పెట్టింది. "ముందు నువ్వు తిను. రేపు చెప్తా" అని, ఇక అక్కడ నిలబడలేక వెళ్ళిపోయింది.

నేరుగా డిప్పవ్వ దగ్గరికి వెళ్ళింది. డిప్పవ్వ ముసలి తాబేలు. ఆ అడవిలో అందరికంటే పెద్దది. సూదమ్మ జరిగిందంతా దాచకుండా చెప్పింది. చెప్పి ఏడ్చింది.

డిప్పవ్వ మెడ బయటికి చాపింది. ఇలా అంది: "నా చిన్నప్పుడూ ఇలాంటి కరువే వచ్చింది. ఒక అడవిపంది గడ్డలు చూసి, 'రండర్రా' అని కేకేశాడు. మంచివాడే. అందరూ ఎగబడ్డారు. తిన్నది పావు, తొక్కింది ముప్పావు. మర్నాటికి ఏమీ లేదు. మళ్ళీ ఏడు ఆ చోట తీగే మొలవలేదు. చూడు సూదమ్మా, చెప్పకుండా దాస్తే కొందరు చస్తారు. చెప్పి వదిలేస్తే అందరూ చస్తారు. చెప్పు, చెప్పి అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడు."

మర్నాడు పొద్దున సూదమ్మ అందర్నీ చాపబండ దగ్గరికి పిలిచింది. చాపబండ అంటే వాగు ఒడ్డున చాప పరిచినట్టుండే పెద్ద రాయి. కుందేళ్ళు వచ్చాయి. కౌజుపిట్టలు వచ్చాయి. కొండముచ్చులు, గోరింకలు, ఒక కుంటినక్క, కొక్కిరాయి అనే పందికొక్కు వచ్చారు. చుక్కాలి పిల్లని నడిపించుకుంటూ వచ్చింది. డిప్పవ్వ కూడా మెల్లగా పాక్కుంటూ చేరింది.

సూదమ్మ బండ ఎక్కింది. ఇంతమంది ముందు ఎప్పుడూ మాట్లాడి ఎరగదు. ముళ్ళు వాటంతటవే నిక్కబొడుచుకున్నాయి.

"పడమటి వాలులో గడ్డలున్నాయి" అంది. "చాలా ఉన్నాయి. నాకు నాలుగు రోజుల కిందటే తెలుసు. చెప్పలేదు."

అందరూ చుక్కాలి వైపు చూశారు. చుక్కాలి సూదమ్మనే చూస్తోంది. ఆ చూపు ఎంతసేపు ఉందో సూదమ్మకి తెలియదు. భూమి చీలితే అందులోకి దూరిపోదును అనిపించింది.

చివరికి చుక్కాలి నోరు విప్పింది. "దాని గురించి ఇప్పుడు మాట్లాడలేను. ఈ పిల్ల ఉంది. ఎక్కడ తవ్వాలో చెప్పు" అంది.

వెంటనే కొక్కిరాయి ముందుకి వచ్చాడు. "తవ్వడానికి గోళ్ళు ఉండాలి. గోళ్ళున్నది సూదక్కకీ నాకూ. మేం తవ్వుకుంటాం, మేం తింటాం. ఈ కుంటినక్క ఏం తవ్వుతాడు? వీడికెందుకు పెట్టాలి? అయినా చూసింది సూదక్క. గడ్డలు ఆమెవి."

"చూసినంత మాత్రాన నావి అయిపోతాయా?" అంది సూదమ్మ. "అలాగైతే ఇప్పతోపు కూడా బొంతయ్యదే. రేపటినుంచి నువ్వు నా బొరియ ముందు వరసలో నిలబడి 'సూదమ్మగారు చల్లగుండాలి' అంటావా?"

కొండముచ్చులు కిచకిచ నవ్వాయి. కొక్కిరాయి మూతి ముడుచుకున్నాడు.

"నా పిల్లా తవ్వలేదు" అంది చుక్కాలి. "ఆకలికి కాలు కుంటా మంచిదా అని తెలియదు కదా."

పొద్దు నడినెత్తికి వచ్చేదాకా వాదులాడుకున్నారు. ఒకరు అరిచారు, ఒకరు అలిగి వెళ్ళి తిరిగి వచ్చారు. చివరికి మూడు మాటలు అనుకున్నారు. మొదటిది డిప్పవ్వ చెప్పింది: గడ్డ తవ్వినప్పుడు దాని తలకాయ, అంటే తీగ మొలిచే పైకొన, తుంచి మళ్ళీ గుంటలో పెట్టి మట్టి కప్పాలి. రెండోది సూదమ్మ చెప్పింది: చేతనైనవాళ్ళు చేతనైంది చెయ్యాలి, చేతకానివాళ్ళకీ వాటా ఉండాలి. మూడోది చుక్కాలి చెప్పింది.

"తినడానికి వచ్చినవాళ్ళని ఎందుకొచ్చావు, నిన్నెందుకు రాలేదు అని ఎవరూ అడగకూడదు."

"ఎవర్నీనా?" అన్నాడు కొక్కిరాయి.

"ఎవర్నీ."

మొదటిరోజు అంతా తలకిందులైంది. సూదమ్మ, కొక్కిరాయి తవ్వారు. అందరూ ఆబగా కొరికారు. కొరికినవాళ్ళు కొరికినట్టే ఉమ్మేసి, నాలుకలు నేలకేసి రాసుకున్నారు. నోరంతా ఒకటే దురద! ఏదుపందులకి అలవాటు గనక సూదమ్మకి ఆ దురద తెలియలేదు. చుక్కాలి కూడా ముందురోజు రాత్రంతా గొంతు గీరుకుంటూ గడిపిందట. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదంతే.

డిప్పవ్వ నవ్వింది. "ముక్కలు చేసి, నీళ్ళలో ఒకరోజు నానబెట్టండర్రా. దురద పోతుంది."

"నీళ్ళేవి అవ్వా?" అన్నారు.

దానికి చుక్కాలి పనికొచ్చింది. దుప్పుల ముక్కుకి నీటి వాసన తెలుస్తుంది. ఎండిన వాగులో అటూ ఇటూ నడిచి, ఒకచోట ఆగి, గిట్టతో ఇసక మీద కొట్టింది. సూదమ్మ, కొక్కిరాయి అక్కడ చెలమ తవ్వారు. నిలువెత్తు ఇసక తోడాక అడుగున నీళ్ళు ఊరాయి. అందులో కొన్ని తాగడానికి, కొన్ని గడ్డలకి. కుందేళ్ళు పళ్ళతో గడ్డల్ని ముక్కలు కోశాయి. కొండముచ్చులు చెట్లెక్కి చిటారుకొమ్మన మిగిలిన లేతాకులు కిందకి విసిరాయి. బొరియల్లోనుంచి కదల్లేనివాళ్ళకి గోరింకలు ముక్కున కరుచుకుని తీసుకెళ్ళి ఇచ్చాయి. కుంటినక్క ఒక రాయి మీద కూర్చుని, పులి జాడ కోసం గాలిని వాసన చూస్తూ కాపలా కాశాడు. కాయమని ఎవరూ అనలేదు. తనే కాశాడు.

పది రోజులు గడిచాయి. ఎవరికీ కడుపు పొంగేటంత లేదు. కానీ ఎవరూ ఖాళీ కడుపుతో పడుకోలేదు. చుక్కాలికి పాలు పడ్డాయి.

తోపు ముందు వరస పలచబడింది. ఒకరోజు బొంతయ్య పూలు పోగేసి కూర్చుంటే, ఎండ ఎక్కేదాకా ఒక్కరూ రాలేదు. ఆయనకి కోపం వచ్చింది. అంతకంటే ఎక్కువగా, ఏమీ తోచలేదు. నేరుగా చాపబండకి వచ్చాడు.

"సూదీ! ఇదంతా నీ పనేనట కదా" అన్నాడు. "మంచిదే. కాకపోతే పంచడం నీకేం తెలుసు? గడ్డలన్నీ నా తోపుకి తెండి. పూలతో కలిపి నేనే పంచుతాను. నా మాటంటే అందరికీ భయం. గొడవలుండవు."

"గొడవలున్నా పర్లేదయ్యా. మాకు మేమే తీర్చుకుంటున్నాం" అంది సూదమ్మ.

బొంతయ్య గొంతు తగ్గించాడు. "నీ పిల్లలకి రోజూ ముందు వాటా. మంచి పూలు, ఏరి పెడతాను. నువ్వు వరసలో నిలబడనక్కర్లేదు. నన్ను పొగడనూ అక్కర్లేదు."

నిజం చెప్పాలంటే సూదమ్మ మనసు ఊగింది. చిన్నవాడి కాళ్ళు ఇంకా పుల్లల్లాగే ఉన్నాయి. బండ అవతల చుక్కాలి పిల్ల తల్లి పొదుగులో తల దూర్చి పాలు తాగుతోంది. సూదమ్మ ఆ పిల్లని చూసింది. దాని పక్కన ఖాళీగా ఉన్న చోటునీ చూసింది.

"వద్దయ్యా" అంది. "నా పిల్లలకి ముందు వాటా అంటే, ఎవరి పిల్లలకో చివరి వాటా. ఆ చివరికి వచ్చేసరికి ఏముంటుందో నేను చూశాను."

"అయితే వినండి!" అని బొంతయ్య బండ అదిరేలా అరిచాడు. "రేపటినుంచి నా తోపులో ఎవరూ అడుగు పెట్టొద్దు. పెట్టారో, చీల్చేస్తాను!"

అన్నట్టే ఎవర్నీ రానివ్వలేదు. అప్పటిదాకా అప్పుడప్పుడూ గడ్డలకి పూలు తోడుండేవి. ఇప్పుడు గడ్డలే దిక్కు. తోపు మీదే ఆధారపడ్డ ఉడతలూ పిట్టలూ కూడా చాపబండకి వచ్చాయి. వాటా సగమైంది. కొక్కిరాయి రోజూ సణిగాడు. సూదమ్మ పెద్దపిల్ల ఒకరోజు అడిగేసింది.

"అమ్మా, బొంతయ్య మనకి ముందు వాటా ఇస్తానన్నాడట. ఎందుకు వద్దన్నావు? తమ్ముడు ఆకలని ఏడుస్తున్నాడు."

"ఒప్పుకునుంటే వాడు ఏడ్చేవాడు కాదు" అంది సూదమ్మ. "నాకు తెలుసు తల్లీ. అందుకే నాకూ నిద్ర పట్టడం లేదు." పిల్లని దగ్గరికి తీసుకుంది.

ఇలా ఉండగా ఒకరోజు గోరింకలు ఒక వార్త తెచ్చాయి. బొంతయ్య తేనెపట్టు కోసం చెట్టెక్కి, ఎండుకొమ్మ విరిగి కింద పడ్డాడు. వెనక కాలు విరిగింది. మూడు రోజులుగా పడినచోటే ఉన్నాడు. చేతికందినంత మేర పూలు తినేశాడు. ఆ పైన రాలినవి అల్లంత దూరంలో కుళ్ళుతున్నాయి గానీ, పాక్కుంటూ వెళ్ళలేకపోతున్నాడు. ఎవరూ రావద్దన్నాడు కదా, ఎవరూ వెళ్ళలేదు. మూలిగినా వినేవాళ్ళు లేరు.

"బాగా అయింది" అన్నాడు కొక్కిరాయి. ఆ మాటకి చాలామంది తలలూపారు.

సూదమ్మకీ లోపల బాగా అయిందనే ఉంది. మెల్లిగా చుక్కాలి వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. నీ మాటే నా మాట" అంది.

చుక్కాలి గిట్టతో ఇసక గీసింది. "నాకు ఇష్టం లేదక్కా" అంది. "ఆయన పక్కకి జరగమన్నప్పుడు నా చిన్నది బతికే ఉంది. అది నేను మర్చిపోలేను. కానీ ఎవర్నీ అడగకూడదన్నది నేనే. ఆయన ఒక్కడికి లేదంటే, అది మన మాట కాదు, బొంతయ్య మాటే అవుతుంది. తీసుకెళ్ళు. నేను మాత్రం రాను."

ఆ రోజు వాటాలు మళ్ళీ చిన్నవయ్యాయి. సూదమ్మ నానిన గడ్డముక్కలు అడ్డాకులో కట్టుకుని తోపుకి వెళ్ళింది. వెనకే కొక్కిరాయి కూడా, "ఒక్కదానివే ఎలుగుబంటి దగ్గరికి పోతావా?" అని గొణిగి బయల్దేరాడు. దాహానికని చెలమ నీళ్ళతో తడిపిన నాచు ముద్ద ఒకటి నోట కరుచుకున్నాడు.

బొంతయ్య చెట్టు మొదట్లో పడి ఉన్నాడు. వాళ్ళని చూసి లేవబోయాడు, లేవలేకపోయాడు. సూదమ్మ ఆకు విప్పి ఆయన ముందు పెట్టింది. బొంతయ్య ఆ ముక్కల్ని చూశాడు. ఆమెని చూశాడు.

"ఏమనాలి?" అన్నాడు.

"ఏమీ అనక్కర్లేదు. తినండి" అంది సూదమ్మ.

బొంతయ్య రెండు ముక్కలు తిన్నాడు. మూడో ముక్క నోట్లో పెట్టుకుని నమల్లేక ఆగిపోయాడు. ఆయన కళ్ళవెంట నీళ్ళు కారాయి. కొక్కిరాయి మొహం పక్కకి తిప్పుకుని, తడినాచు ఆయన నోటి దగ్గర పిండాడు.

ఇరవై రోజులు అలా ఎవరో ఒకరు తిండి తీసుకెళ్ళారు. మొదటి వారంలోనే బొంతయ్య, "ఆ పూలు కుళ్ళబెట్టడం దేనికి, తీసుకెళ్ళండి" అన్నాడు. కాలు కాస్త కూడాక కుంటుకుంటూ చాపబండకి వచ్చాడు. వచ్చి ఒక మూల కూర్చున్నాడు. చుక్కాలి ఆయనతో మాట్లాడలేదు. ఆ రోజే కాదు, ఇంకా చాలా రోజులు మాట్లాడలేదు. ఆయన కూడా ఆమెని మాట్లాడించే సాహసం చెయ్యలేదు. మర్నాటినుంచి పొద్దున్నే మంచి పూలు ఏరి, ఆమె పొద దగ్గర పెట్టి వెళ్ళేవాడు. వాటిని ఆమె మోసుకొచ్చి చాపబండ మీద అందరి తిండిలో కలిపేది.

మృగశిర కార్తెలో వాన పడింది. పడమటి వాలులో పాతిన తలకాయలన్నీ మొలకెత్తాయి. తీగలు రాళ్ళ మీదుగా పాకి వాలంతా పచ్చగా కప్పేశాయి.

"ఇక చాపబండతో పనేముంది? ఎవరి మేత వాళ్ళకి దొరుకుతోందిగా" అన్నారు కొందరు.

"అందరికీ దొరుకుతోందా?" అంది సూదమ్మ. "కుంటినక్కకి దొరుకుతోందా? గుడ్డు మీద కూర్చున్న కౌజుపిట్టకి దొరుకుతోందా? కరువు పోయింది. ఆకలి అంత తేలిగ్గా పోదు."

అందుకని బండ మీద రోజూ ఎంతో కొంత తిండి ఉండేది. కావాల్సినవాళ్ళు వచ్చి తినేవారు. అక్కర్లేనివాళ్ళు ఏదో ఒకటి పెట్టి వెళ్ళేవారు.

మరుసటి ఎండాకాలం, వాగు అవతలి గుట్టల నుంచి మనుబోతులు కొన్ని వచ్చాయి. బాగా చిక్కిపోయి ఉన్నాయి. వాటి పెద్ద ముందుకి వచ్చి, "ఇక్కడ తిండి పెడతారని విన్నాం తల్లీ. మా గుట్టల్లో పిల్లలు పస్తులున్నారు. రోజూ వచ్చి తీసుకెళ్ళవచ్చా?" అని అడిగాడు.

"తీసుకెళ్ళండి" అంది సూదమ్మ. "మీ గుట్టల్లో ఎండిన తీగలు ఉన్నాయా?"

"రాళ్ళ మధ్య ఏవో ఉన్నాయి. పనికిరానివి."

"పదండి, చూద్దాం" అంది సూదమ్మ. "ముందు మీరు తినండి. పిల్లలకి కట్టుకోండి. తర్వాత మీతోపాటు నేనూ వస్తాను. చెలమ ఎక్కడ తవ్వాలో చూపించడానికి చుక్కాలి వస్తుంది. తవ్వడానికి కొక్కిరాయి వస్తాడు."

"నేనా? అంత దూరమా?" అన్నాడు కొక్కిరాయి. అని, గోళ్ళకి మట్టి దులుపుకుని అందరికంటే ముందు వాగులో దిగాడు.

నీతి: దయతలచి పెట్టే పిడికెడు ఆకలిని ఒక పూట ఆపుతుంది, అందరూ కలిసి, అందరి హక్కుగా పంచుకునే కూడే ఆకలిని ఊరు దాటిస్తుంది.